డైమండ్ యాన్విల్ సెల్, రామన్ స్పెక్ట్రోమీటర్: హన్మకొండ ల్యాబ్‌లో కొన్నేళ్ల వాడకం తర్వాత

హైడ్రోజన్ ఉన్న అణువులతో ఏర్పడిన స్ఫటికాలను పీడనం కింద చూడటానికి పీహెచ్‌డీ మొదలైనప్పటి నుంచి వాడుతున్న సరంజామా ఇది. సెల్ మీద నాకు ఫిర్యాదు లేదు. తలనొప్పంతా అందులో పోసే ద్రవంతోనూ, మన ఎండలతోనూ.

సెల్ అరచేతిలో పడుతుంది. రెండు వజ్రాలు, మధ్యలో చిల్లు పెట్టిన స్టీలు రేకు, బిగించడానికి స్క్రూలు. చిల్లులో పెట్టిన శాంపిల్‌ను వజ్రాలు రెండు వైపుల నుంచీ నొక్కుతాయి. అమెరికా వాళ్లు దీన్ని పరారుణ వర్ణపటాల కోసం వాడి పేపర్ వేసింది 1959లో, మన ఆర్‌ఈసీకి (ఇప్పటి వరంగల్ ఎన్‌ఐటీ) నెహ్రూ పునాదిరాయి వేసిన ఏడాదే. సూత్రం ఇప్పటికీ మారలేదు. ఒక గిగాపాస్కల్ (జీపీఏ) అంటే దాదాపు పదివేల వాతావరణ పీడనాలు. చేత్తో స్క్రూలు తిప్పుతూనే పది జీపీఏ దాటొచ్చు.

ఎక్స్-రేకు హైడ్రోజన్ సరిగా ఆనదు, ఉన్నది ఒక్క ఎలక్ట్రానే కదా. రామన్‌లో, అంటే లేజర్ కొట్టి చెదిరిన వెలుగును చదివే పద్ధతిలో, మాత్రం దాని బంధం కంపనం స్పష్టంగా దొరుకుతుంది. కొత్తవాళ్లు నీళ్లతో మొదలుపెట్టండి. గది ఉష్ణోగ్రతలోనే 1 జీపీఏ దగ్గర ఐస్-6, 2.2 దగ్గర ఐస్-7 అనే మంచు రూపాలు వస్తాయి. ఆపైన పీడనం పెంచేకొద్దీ హైడ్రోజన్ బంధం బలపడి ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం) శిఖరం తక్కువ పౌనఃపున్యం వైపు, కిందికి జారుతుంది. అమ్మోనియా బోరేన్ ఇంకా సరదా: ఎన్-హెచ్ (నైట్రోజన్‌ది) కిందికి, బీ-హెచ్ (బోరాన్‌ది) పైకి. వజ్రం సొంత గీత 1332 వేవ్‌నంబర్ (కంపన పౌనఃపున్యానికి రామన్‌లో వాడే కొలత) దగ్గర, వజ్రానిదే రెండో గోల దాదాపు 2670 దాకా ఉంటుంది. సీ-హెచ్ (కార్బన్‌ది), ఎన్-హెచ్, ఓ-హెచ్ ఆ పైన ఖాళీ జాగాలో పడటం మన అదృష్టం. భారజలం (హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న నీళ్లు) పెడితే మాత్రం దాని ఓ-డీ శిఖరం సరిగ్గా ఆ గోలలోకే వెళ్తుంది.

ఇక ఒత్తిడి శాంపిల్ మీద అన్ని వైపులా సమంగా పడటానికి చుట్టూ పోసే ద్రవం సంగతి. అందరూ చెప్పే 4:1 మిథనాల్-ఇథనాల్ 10 జీపీఏ దాకా ఒత్తిడిని సమంగా పంచుతుంది, నిజమే. కానీ దానికీ సీ-హెచ్ ఉంది. 2830 నుంచి 2980 మధ్య మన శిఖరమేదో దానిదేదో తేలదు, పైగా యూరియా లాంటివి అందులో కరిగిపోతాయి. సిలికాన్ ఆయిల్‌దీ అదే సీ-హెచ్ గొడవ. ద్రవం బదులు వాడే పొటాషియం బ్రోమైడ్ పొడికి హైడ్రోజన్ లేదు గానీ 1.8 జీపీఏ దగ్గర అదే రూపం మార్చుకుంటుంది. అంతకంటే మామూలు ఉప్పే నయం, ఒత్తిడి కాస్త అసమానంగా పడినా. వీటన్నిటికన్నా ఆర్గాన్ వాయువు మంచిది. దాన్ని ద్రవంగా మార్చి నింపే ఏర్పాటు ఉన్నవాళ్లకు.

పీడనం కొలిచేది సెల్‌లో శాంపిల్‌తో పాటు పెట్టే కెంపు ముక్కతో. లేజర్ పడితే అది వెలిగే 694 నానోమీటర్ల గీత జీపీఏకు 0.365 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది. అయితే వేడికీ జరుగుతుంది: ఆరు డిగ్రీలు పెరిగితే దాదాపు 0.1 జీపీఏ ఎక్కువ చూపిస్తుంది. మే నెలలో వరంగల్‌లో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే, స్క్రూ ముట్టకుండానే పీడనం పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక జీపీఏ చుట్టుపక్కల దశ మార్పులు వెతికేవాళ్లకు ఇది టెన్షనే. నేను సెల్ పక్కనే థర్మామీటర్ పెట్టి, పోల్చుకోవడానికి సెల్ బయట, పీడనం లేని ఇంకో కెంపు గీత కూడా తీసుకుంటాను. కెంపు ముక్కను శాంపిల్‌కు ఆనించొద్దు, 532 నానోమీటర్ల లేజర్‌తో దాని వెలుగు ఓ-హెచ్ ప్రాంతం దాకా పాకుతుంది.

ప్రోటాన్ (హైడ్రోజన్ కేంద్రకం) కచ్చితంగా ఎక్కడుందో రామన్ చెప్పదు, దానికి న్యూట్రాన్లు కావాలి. కొనేవాళ్లు డబ్బు పెట్టాల్సింది సెల్ మెరుపు మీద కాదు, ఫ్లోరసెన్స్ (లేజర్ పడితే వజ్రమే వెలగడం) తక్కువుండే టైప్ 2ఎ వజ్రాల మీద.