తలకట్టు విడిగా ఇచ్చిన చెక్క అక్షరాల పెట్టె

మా అమ్మాయికి ఏడేళ్లు. ఒక్కసారి వెళ్లిన ఇంటికి దారి మరచిపోదు, బొమ్మముక్కలను చకచకా కూర్చగలదు. అయినా బడిలో వల్లించిన గుణింతం పుస్తకం తెరిచేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు. ఆకారాలను చూసి నేర్చుకునే పిల్లల కోసమని అమ్ముతున్న ఈ పెట్టెను అందుకే కొన్నాను. మూడు నెలలు వాడిన తరువాత ఈ మాటలు రాస్తున్నాను.

దీని గొప్పతనమంతా తలకట్టును అక్షరానికి అతికించకుండా విడి ముక్కగా ఇవ్వడంలో ఉంది. తలకట్టు లేని 'క' ముక్క మీద తలకట్టు పెడితే 'క'. దానిని తీసి అదే చోట గుడి పెడితే 'కి', దీర్ఘం పెడితే 'కా'. కొమ్ము పక్కన చేరుతుంది కనుక 'కు'లో తలకట్టు కదలదు. ఏ భాగం పోయి ఏ భాగం వస్తుందో తన చేతులతో చేసి చూసుకున్నాక మా అమ్మాయి కి, కీ, కె, కే లను తడుముకోకుండా చదివింది. "అమ్మా, 'జ'కు టోపీ ఏదీ?" అని తానే అడిగింది. జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు తలకట్టు ఉండదన్న సంగతిని నేను అంతవరకు గమనించనే లేదు. 'మ'ను 'వు' అని చదివే అలవాటు కూడా ఆ రెండింటినీ పక్కపక్కన పేర్చి చూశాక పోయింది.

అయితే పేర్చిన ప్రతిసారీ 'క్' మీద 'ఇ' చేరి 'కి' అయిందని పైకి పలికించాలి. పెట్టెలోని చిన్న పుస్తకం ధ్వని ఊసే ఎత్తలేదు. ఒక్కో బిడ్డ నేర్చుకునే తీరును బట్టి బోధనను మార్చితే ఫలితం పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో చేసిన సమీక్ష తేల్చింది. కంటికి కనిపించిన ముక్క చెవికి వినిపించకపోతే చదవడం రాదని నా అనుభవం కూడా చెబుతోంది.

పెద్ద లోపం వత్తులది. అక్షరాలనే చిన్నవిగా చేసి వత్తులంటూ ఇచ్చారు. త, న, మ, య, ర, ల వత్తుల రూపాలు వేరు కదా! అందువల్ల అత్త, అన్న, అయ్య, పిల్ల, చివరికి అమ్మ అన్న మాటను కూడా ఈ పెట్టెతో సరిగా కూర్చలేము. ఇంత ధర పెట్టించుకుని ఆ ఆరు ముక్కలు ఇవ్వకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. పాత శుభలేఖ అట్టపై మ వత్తు గీసి కత్తిరించి ఇచ్చాను. ఆ సాయంత్రం మా అమ్మాయి పేర్చిన మొదటి మాట 'అమ్మ'.