పిల్లల్లో ఓసీడీ: వాచీ కనిపెడుతుందా, కెమెరానా, ప్రశ్నలా? ఏది మేలు?

మిర్యాలగూడ, దేవరకొండ, ఈమధ్య జడ్చర్ల నుంచి కూడా తల్లిదండ్రులు ఒకటే అడుగుతున్నారు: "మా బిడ్డ కడిగిన చేతులే కడుగుతుంది. ఓసీడీనేమో అని భయమైతుంది. స్మార్ట్‌వాచీ కొంటే తెలుస్తదా? యాప్ ఏదన్నా ఉన్నదా?" ఓసీడీ అంటే వద్దనుకున్నా మళ్లీ మళ్లీ వచ్చే ఆలోచనలు, ఆ భయం తగ్గడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం. ఇక నేరుగా విషయానికొస్తాను.

వాచీ మీద పెట్టుకున్న ఆశ ఉత్తదేమీ కాదు. చేతులు కడుగుతున్న సంగతిని యాపిల్ వాచీ 2020 నుంచే గుర్తుపడుతోంది. గుండె వేగం, చర్మం మీది చెమట, ఒంటి వేడి కొలిచే మణికట్టు పట్టీతో డెన్మార్క్ పరిశోధకులు 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు తొమ్మిదిమందితో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఓసీడీ లక్షణాలు తలెత్తే సమయాన్ని ఆ కొలతలు కొంతవరకు పట్టుకోగలిగాయి. అయితే ఆ పిల్లలకు ఓసీడీ ఉందని అప్పటికే తేలింది. పైగా లక్షణం వచ్చినప్పుడు పట్టీ మీది బటన్ నొక్కింది పిల్లలే. అంటే యంత్రానికి పాఠం చెప్పింది కూడా పిల్లలే. ఇంకా ఏమీ తేలని పిల్ల చేతికి మనం వాచీ కడితే అది చెప్పేది గుండె వేగం పెరిగిందని మాత్రమే. టెన్త్ పరీక్షల టెన్షన్‌కూ పెరుగుతుంది. చెమటంటారా, మే నెలలో నల్లగొండలో ఎవరికి పట్టదు?

కెమెరా సంగతి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పిల్లల చేత చేతులు కడిగించి, వస్తువులు సర్దించి, ఆ వీడియోలను కంప్యూటర్‌తో విశ్లేషించారు. 2017లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పరిశోధనగా మంచి పనే. ఇంట్లో మాత్రం వద్దు. అసలే సిగ్గుతో దాచుకునే పిల్ల మీద కెమెరా పెడితే ఇంకా ముడుచుకుపోతుంది. చాట్‌బాట్ యాప్‌లనైతే రోగనిర్ధారణకు అసలు నమ్ముకోవద్దు.

ఇక ప్రశ్నలు. పిల్లల్లో ఓసీడీని అంచనా వేయడానికి డాక్టర్లు ఎక్కువగా వాడే సీవై-బాక్స్ అనే ప్రశ్నావళిలో ముందు లక్షణాల జాబితా ఉంటుంది. ఆ తర్వాత తీవ్రత కొలిచే ప్రశ్నలు పది. ఆలోచనల మీద అయిదు, చేతల మీద అయిదు: రోజులో ఎంతసేపు పడుతుంది, చదువుకూ ఆటకూ ఎంత అడ్డమవుతోంది, ఎంత బాధ పెడుతోంది, ఆపడానికి ఎంత ప్రయత్నిస్తున్నావు, ఎంతవరకు అదుపులో ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. పిల్లలే నింపే 21 ప్రశ్నల ఫారం ఓసీఐ-సీవీ కూడా ఉంది.

నేను ప్రశ్నల వైపే మొగ్గుతాను. ఎందుకంటే ఓసీడీలో చాలా భాగం కంటికి కనబడదు. అమ్మకేమన్నా అవుతుందేమోనన్న భయంతో మనసులోనే లెక్కపెట్టుకునే పిల్లాడుంటాడు. తప్పుడు ఆలోచన వచ్చిందని లోలోపలే దేవుడికి దండాలు పెట్టుకుంటూ, లెక్క తప్పిందని మళ్లీ మొదటికొచ్చే పిల్ల ఉంటుంది. బయటికి చూస్తే పుస్తకం ముందు కదలకుండా కూర్చున్నట్టే ఉంటుంది. "చదువు మీద ధ్యాస లేదు" అని ఇంట్లో తిట్లు పడతాయి. ఆ సమయంలో కెమెరాకు దొరికేదేముంది? వాచీ చూపే అంకె వెనక ఏ భయం ఉందో ఎవరు చెప్పాలి? పిల్లే చెప్పాలి. చెప్పాలంటే ఎవరైనా అడగాలి, అదీ తిట్టకుండా అడగాలి.

"వద్దనుకున్నా కొన్ని ఆలోచనలు చాలామంది పిల్లలకు మళ్లీ మళ్లీ వస్తుంటయి. నీకు గూడ వస్తున్నయా బిడ్డా?" అని మొదలుపెట్టండి. "ఎందుకట్ల చేస్తున్నవ్?" అంటే పిల్ల నోరు మూసుకుంటుంది. ఎదురుగా చెప్పలేని కొందరు ఫోన్‌లో ఫారం ఇస్తే నింపుతారు. టెక్నాలజీ నిజంగా అక్కరకొచ్చే చోటు నా దృష్టిలో ఇదే. నింపిన ఫారంలో మార్కులు చూసి మీరే ఓసీడీ అని తీర్పు చెప్పేయకండి. ఆ పని సైకియాట్రిస్టుది.

డాక్టర్‌ను ఎట్లా కలవాలో తెలియకపోతే ముందు టెలి-మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ ఉంటుంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి. అక్కడ మానసిక వైద్య విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కొని వెళ్లండి. పిల్ల రోజుకు ఎంతసేపు ఈ ఆలోచనలతో, చేతలతోనే గడుపుతోందో, "నాకేం కాదు కదా అమ్మా" అని ఎన్నిసార్లు అడుగుతోందో, మీరేం జవాబు చెబుతున్నారో ఒక కాగితం మీద రాసుకుపోండి. గంటకు మించి పోతోందంటే ఆలస్యం చేయొద్దు.

వాచీ ఇప్పటికే కొనేసినవాళ్లు పారేయనక్కర్లేదు. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, కడుక్కోవడాన్ని ఆపుకోవడం నేర్పే ఈఆర్‌పీ చికిత్స మొదలయ్యాక, రోజుకు ఎన్నిసార్లు కడుగుతోందో చూసుకోవడానికి అది పనికి రావచ్చు. కానీ ముందుగా థెరపిస్టును అడగండి. ఆ అంకెనే పదేపదే చూసుకోవడం కొందరు పిల్లలకు కొత్త అలవాటుగా మారుతుంది.