క్రెడిట్‌ని క్లాసులతో కొలవాలా, మొత్తం చదువుతో కొలవాలా?

మా పర్లాకిమిడి ఇంట్లో ఈమధ్య ఇదే పంచాయితీ. మా పెద్దమ్మ మనవడు కాశీనగర్ నుంచి రోజూ గుణుపూర్ పాసింజర్లో కాలేజీకొచ్చి బీఎస్సీ చదువుతున్నాడు, వాళ్ళక్క ఇంట్లో మిషన్ కుట్టుకుంటూ ఇగ్నో అనే దూరవిద్య యూనివర్సిటీలో బీఏ కట్టింది. క్రెడిట్ అంటే ఒక పేపరుకి ఎంత చదువు ఉందో చెప్పే అంకె, ఇద్దరికీ నాలుగు క్రెడిట్ల పేపర్లున్నాయి. వాడి థియరీ పేపరుకి 60 గంటలు, ఆమె పేపరుకి 120. "నీదేం చదువురా, నాదాంట్లో సగం" అని అక్క ఎగతాళి.

కొలిచే గజమే వేరు మరి. కాలేజీలో మాస్టారి ఎదురుగా కూర్చున్న గంటలే లెక్క: వారానికో గంట పాఠం, 15 వారాలు సాగితే ఒక క్రెడిట్. ఇగ్నోలో క్రెడిట్ అంటే 30 గంటలు, అందులోనే పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, కౌన్సెలింగ్ క్లాసులు అన్నీ వచ్చేస్తాయి. వాడు రాత్రి లాంతరంత కళ్ళేసుకుని చదివేది మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు. పైగా ల్యాబ్‌లో రెండు గంటలు నిలబడితేగానీ ఒక గంట పాఠంతో సమానం కాదు, అంటే మూడు థియరీ, ఒక ప్రాక్టికల్ ఉన్న నాలుగు క్రెడిట్ల పేపరుకి వాడు కాలేజీలోనే 75 గంటలుండాలి. రైల్లో పోయే టైముకి రెండు లెక్కల్లోనూ చోటు లేదనుకోండి.

అమెరికా వాళ్ళు మధ్యలో ఉన్నారు. ఒక క్రెడిట్‌కి క్లాసు ఒక గంట, బయట చదువు రెండు గంటలు, వారానికి మొత్తం మూడు గంటలు. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోటి 25 నుంచి 30 గంటలు, మొత్తం చదువు కలిపే. మన దగ్గర 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ కూడా అటే మొగ్గి, ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటలు అంది.

నన్నడిగితే పని చేసుకుంటూ చదివేవాళ్ళకి మొత్తం చదువు లెక్కే న్యాయం. కానీ ఒక చిక్కుంది, ఆ 30 గంటలు నిజంగా చదివారా అని చూసేదెవరు? క్లాసుకైతే కనీసం హాజరు పట్టీ ఉంటుంది. అందుకే కెమిస్ట్రీ లాంటివాటికి క్లాసు, ల్యాబ్ గంటల లెక్కే నాకు నచ్చుతుంది, బ్యూరెట్ పట్టుకోవడం ఇంట్లో కూర్చుంటే రాదుగా.

వాడు రేపు వేరే యూనివర్సిటీకి మారదామంటున్నాడు. క్రెడిట్ల అంకె చూసి మురిసిపోకు, సిలబస్‌లో ప్రతి పేపరు పక్కన పాఠం ఎన్ని గంటలు, ల్యాబ్ ఎన్ని గంటలు అని వేసిన పేజీ ముందు జిరాక్స్ తీసి పెట్టుకోమన్నాను.