రాత్రిపూట చావు దిగులుకు 14416: కర్నూలు పెద్దవాళ్లకు పనికొస్తుందా?

నడిరాత్రి లేచి కూర్చుని "నాకేమో అయితాంది, తెల్లారి చూస్తానో లేదో" అనే జేజికి పొద్దున్నే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించడం మన దగ్గర మామూలు. సెలైన్‌తో దిగులు దిగదు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ దీనికి ఎంతో మేలు. దిగులు, భయం లాంటి మనసు బాధలకు కౌన్సెలర్లు ఫోన్లో మాట్లాడే సాయం ఇది, నంబరు 14416. 24 గంటలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

అయితే ఛాతీ బరువు, ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం ఉంటే ముందు 108. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకపోయినా దడ, చెమట, భయం అచ్చం ఇట్లే వస్తాయి. మిషన్లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

ఇక ఫోన్ సంగతి. కలవగానే భాషకు అంకె నొక్కమంటుంది. చెవి దగ్గరి ఫోన్ దించి, కళ్లద్దాలు వెతుక్కునేలోపు ఆ గడువు అయిపోతుంది. నొక్కుడు పని ఇంట్లోవాళ్లు చేసి, ఫోన్ చేతికిచ్చి, తలుపు దగ్గరేసి బయటికి రావాలి. కోడలు పక్కనే కూర్చుంటే "ఏం లేదమ్మా, బాగుండా" అనే మాటే వస్తుంది.

చావు భయమని ఎవరూ మొదలుపెట్టరు. నిద్ర, దడ, ఆకలి అంటారు. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాల" అనేవాళ్లది చాలాసార్లు మంచాన పడతామనే భయం. అక్కడ కౌన్సెలరు ధైర్యం చెప్పినా సగమే. ఎవరు చూసుకుంటారు, ఆసుపత్రి డబ్బు ఎక్కడుంది అన్నది ఇంట్లోనే తేల్చి చెప్పాలి. "దేవుడు తీస్కపోతే బాగుండు" అంటూ తిండి మానేసినా, మాత్రలు దాచిపెడుతున్నా లెక్క వేరు. ఆ మాట కౌన్సెలరుకు దాచకుండా చెప్పాలి, పురుగుల మందు డబ్బాకు ఆ రోజే తాళం వేయాలి.

లోటు ఒకటే: ఫోన్లో నాడి చూడలేరు. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి పోవాల్సిందే. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ఆల్‌ప్రాజోలం మాత్రం వద్దు. అలవాటు పడతారు, రాత్రి బాత్రూముకు లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఓపీకి పోయేటప్పుడు వాడే మాత్రల అట్టలన్నీ కవర్లో వేసుకుపోండి, ఖాళీవైనా సరే.