సౌర్‌డో క్లాసు: మే నెలలో వెళ్లడమే మంచిదైంది

హైదరాబాద్ సైనిక్‌పురిలో ఒక ఆంటీ తన ఇంట్లోనే సౌర్‌డో, అంటే ప్యాకెట్ ఈస్ట్ లేకుండా పులిసిన పిండితోనే పొంగించే రొట్టె, నేర్పిస్తారు. అంతకుముందు మూడుసార్లు నా పిండి జావలా జారిపోయింది. కారణం అక్కడే తెలిసింది. వీడియోల్లో చెప్పే టైములు చలిదేశాలవి. మన వంటింట్లో 35 డిగ్రీల వేడికి నాలుగు గంటల్లోపే పులిసిపోతుంది. గడియారాన్ని కాదు, పిండిని చూడమన్నారు ఆంటీ. దోసెల పిండి పొంగడం చూస్తూ పెరిగిన నాకు ఆ మాట వెంటనే ఎక్కింది.

పులిసిన పిండి కాక, 500 గ్రాముల మైదాకి 325 గ్రాముల ఫ్రిజ్ నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. బాగా కాలిన ఇనుప గిన్నెలో మూతపెట్టి 20 నిమిషాలు, మూత తీసి ఇంకో 20. బయటికి తీయగానే పైపెచ్చు చిటపటమంటూ సన్నగా పగిలింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను!

గోధుమపిండితో ఎలా చేయాలో మాత్రం సరిగ్గా చెప్పలేదు. ఇంట్లో ఉండేది అదే కదా.

నిన్నటి రొట్టెని అమ్మ టమాటా పచ్చడితో తింది.