ఐఎఫ్ఎస్‌సీ, ఎంఐసీఆర్, స్విఫ్ట్: ఎప్పుడు ఏది?

చెక్కు మీద రెండు కోడ్‌లుంటాయి. బ్రాంచి చిరునామా దగ్గర ఐఎఫ్ఎస్‌సీ, అడుగున ఖాళీ పట్టీలో చెక్కు నంబరు పక్కనే ఎంఐసీఆర్. రెండూ చెప్పేది బ్రాంచి గురించే. అయినా ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతుల్లో డబ్బు పంపాలంటే కావాల్సింది ఐఎఫ్ఎస్‌సీయే. రెండోది చెక్కును చదివే యంత్రం కోసం.

చూసి అర్థం చేసుకోవడానికి మాత్రం ఎంఐసీఆరే సులువు. తొమ్మిది అంకెల్లో మొదటి మూడూ ఊరు, తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు బ్రాంచి. ఊరి అంకెలు పిన్‌కోడ్‌ను పోలి ఉంటాయి: 500 అంటే హైదరాబాద్, 520 విజయవాడ, 530 విశాఖ. అయస్కాంత గుణమున్న సిరాతో అచ్చు వేస్తారు కాబట్టే ఆ పట్టీ మీద సంతకాలూ రాతలూ వద్దంటారు.

ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు అక్షరాలు. మొదటి నాలుగూ బ్యాంకు, చివరి ఆరూ బ్రాంచి, మధ్యలో ఐదోది సున్నా. దాన్ని ఇంగ్లిషు 'ఓ' అనుకుని కొట్టేవాళ్లు ఎందరో!

దీనితో అసలు చిక్కు బ్యాంకుల విలీనాలప్పుడు వస్తుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 'ఏఎన్‌డీబీ'తో మొదలయ్యే కోడ్‌లు పోయి 'యూబీఐఎన్'వి వచ్చాయి. సిండికేట్ బ్యాంకు ఖాతాదారులకూ కెనరాలో కలిశాక ఇదే అనుభవం. బీరువాలోని పాత పాస్‌బుక్ జిరాక్సు చూసి ఫారం నింపేవారు ముందు బ్యాంకు యాప్‌లో ఇప్పటి కోడ్ చూసుకోవడం మంచిది.

నన్నడిగితే ఐఎఫ్ఎస్‌సీ కన్నా ఖాతా నంబరు విషయంలోనే ఎక్కువ భయపడాలి. లేని కోడ్ కొడితే యాప్ అక్కడే ఆపేస్తుంది. సరైన కోడ్ కొడితే బ్రాంచి పేరు కనిపిస్తుంది, సరిపోల్చుకోవచ్చు. కానీ నెఫ్ట్‌లో జమ చేసేది ఖాతా నంబరును బట్టే. ఒక్క అంకె తప్పి, ఆ నంబరుతో వేరొకరి ఖాతా ఉంటే డబ్బు వాళ్లకే చేరుతుంది. అందుకే 2025 ఏప్రిల్ 1కల్లా నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఆ పేరు చదవకుండా 'కన్ఫర్మ్' నొక్కొద్దు.

షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా వంటి వాటి ఫారాలు రెండు కోడ్‌లూ అడుగుతాయి. క్యాన్సిల్డ్ చెక్కు జత చేస్తే రెండూ దాని మీదే ఉంటాయి.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో పిల్లలు బ్యాంకు ద్వారా నేరుగా పంపితే, దేశాల మధ్య లావాదేవీల్లో బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్ అడుగుతారు. అది ఎనిమిది లేదా పదకొండు అక్షరాలు. ఐదు, ఆరు స్థానాల్లో భారత్‌ను సూచించే 'ఐఎన్' ఉంటుంది. చిన్న ఊళ్ల బ్రాంచీలకు చాలాసార్లు సొంత స్విఫ్ట్ ఉండదు. విదేశీ లావాదేవీలు చూసే పెద్ద బ్రాంచి కోడ్ ఏదో మీ బ్యాంకులోనే అడిగి, దానితోపాటు మీ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ పంపండి.