మూడేళ్లు వాడాక మా రెప్లికా స్క్రిప్టు సంగతి

పర్లాకిమిడిలో మా మావయ్యది మందుల హోల్‌సేలు. 2018లో తిత్లీ తుఫానుకి కరెంటు పోయి, ఉన్న ఒక్క సర్వరూ పడుకుంటే చిట్టీల మీద బిల్లులు రాసుకున్నాం, అవన్నీ మళ్లీ ఎక్కించేసరికి దీపావళి దాటిపోయింది. రెండో మెషీన్ పెట్టింది మాత్రం 2022లో. ఉబుంటు 22.04 లినక్స్, దాంతో వచ్చే పోస్ట్‌గ్రెస్ 14, అంటే బిల్లులన్నీ దాచే డేటాబేస్. మెయిన్ (ప్రైమరీ) ఇక్కడ కొట్లో, దాని డేటాని ఎప్పటికప్పుడు నకలు తీసుకునే రెప్లికా పాతపట్నం బ్రాంచిలో. పక్కూరే గానీ మధ్యలో రాష్ట్రం మారిపోద్ది కదా, కరెంటు లైను వేరు, ఇక్కడ పోయినరోజు అక్కడ చాలాసార్లు ఉంటది.

రెండుసార్లు చేత్తో సెటప్ చేసి, రెండోసారి ఏదో మర్చిపోయి, విసుగొచ్చి, కమాండ్లన్నీ వరసగా తనే నడిపే బాష్ స్క్రిప్టు రాసుకున్నా. అసలు పని ఒక్క లైనే, మెయిన్ డేటా మొత్తం కాపీ చేసే పీజీ బేస్‌బ్యాకప్ కమాండు. దానికి మైనస్ పెద్ద ఆర్ (-R) ఇస్తే, నువ్వు రెప్లికావి అని చెప్పే స్టాండ్‌బై సిగ్నల్ ఫైలు తనే పెడద్ది, ప్రైమరీ అడ్రసు తనే రాసుకుంటది, 12వ వెర్షన్‌కి ముందున్న రికవరీ కాన్ఫ్ అనే విడి ఫైలు గోల లేదు. మిగతా అరవై లైన్లూ నా చేతివాటం నుంచి కాపాడ్డానికే.

మొదట స్లాట్ పేరు దగ్గరే ఆగిపోయా. స్లాటంటే రెప్లికా ఎక్కడిదాకా తీసుకుందో మెయిన్ పెట్టుకునే గుర్తు. హోస్ట్‌నేమే స్లాట్ పేరుగా ఇచ్చా, అందులో హైఫన్ ఉంది, స్లాట్ పేర్లో చిన్నక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేం పెట్టనివ్వదు. రెండోసారి రన్ చేస్తే స్లాట్ ఆల్రెడీ ఉందని ఎర్రర్, అందుకని ముందు పాతది తీసేసే లైను కలిపా. ఎవరు కనెక్ట్ అవ్వొచ్చో రాసే హెచ్‌బీఏ ఫైల్లో డేటాబేస్ దగ్గర ఆల్ అని రాసుంటే సరిపోద్దనుకున్నా, సరిపోదు, రెప్లికేషన్ అని విడిగా రాయాలి. ఉబుంటులో కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లు ఈటీసీ ఫోల్డర్లో ఉంటాయి, బేస్‌బ్యాకప్ వాటిని తీసుకురాదు, మెయిన్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ 200 పెట్టి రెప్లికాలో 100 వదిలేస్తే అది లేవనే లేవదు, నాకొక సాయంత్రం పోయింది. పాత డేటా ఫోల్డర్‌ని చెరపను, పేరు మార్చి పక్కన పెడతా. రన్ అవుతున్న మెషీన్ రికవరీలో లేకపోతే, అంటే అది ప్రైమరీయే అయితే, స్క్రిప్టు ముందుకెళ్లదు. ఈ చెక్ ఎందుకు పెట్టానో అడక్కండి.

ఏడాది బాగానే నడిచింది. తర్వాత పాతపట్నం మెషీన్‌లో ఎస్సెస్డీ పోయింది, కొత్తది వచ్చేసరికి వారం. ఆ వారమంతా స్లాట్ దాని కోసం వాల్ ఫైళ్లు (జరిగిన ప్రతి మార్పూ రాసుండే లాగ్) దాచిపెడతానే ఉంది, ఒక్కోటి 16 ఎంబీ, మెయిన్ డిస్కు నిండిపోయి మెయినే పానిక్ అయి కూర్చుంది. రెప్లికా చచ్చి మెయిన్‌ని చంపడం అంటే ఇదే. ఇలా దాచేదానికి హద్దు పెట్టే సెట్టింగు మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అని 13వ వెర్షన్ నుంచే ఉంది, డిఫాల్ట్‌గా లిమిట్ లేదు. ఇప్పుడు 20 జీబీ పెట్టి స్క్రిప్ట్‌లోనే కలిపేశా. మరీ వెనకబడితే రెప్లికాని మళ్లీ మొదట్నుంచి కాపీ చేసుకోవాలి, చేసుకుంటా, నష్టం లేదు.

సింక్రొనస్ కూడా, అంటే రెప్లికాకి చేరాకే బిల్లు సేవ్ అయ్యేలా, ట్రై చేశా, ఒక్క పూట. అవతల నెట్ పోగానే కౌంటర్లో బిల్లు కదల్లేదు. "ఏట్రా ఇది, తిరుగుతానే ఉంది, మనుషులు నిలబడున్నారు" అని మావయ్య కేక. తీసేశా, ఆఖరి ఒకట్రెండు బిల్లులు పోయినా చిట్టీ చూసి మళ్లీ కొట్టుకోవచ్చు.

మెయిన్ పోతే రెప్లికాని తనే మెయిన్ చేసే పట్రోని పెట్టొచ్చుగా అంటారు. అది మంచిదే, కానీ దాని కింద, ఏది మెయినో గుర్తుపెట్టుకునే ఈటీసీడీకి మెజారిటీ ఓటు కావాలి, రెండు మెషీన్లతో ఒకటి పోతే మెజారిటీ లేదు, మూడోది బరంపురంలో పెట్టి నెట్‌ని నమ్ముకోవాలి. నా వల్ల కాదు. అందుకే ప్రమోట్, అంటే రెప్లికాని మెయిన్ చేయడం, ఇప్పటికీ చేత్తోనే.

దాంట్లో ఒకసారి బాగా దెబ్బతిన్నా. ఇక్కడ కరెంటు పోయి యూపీఎస్ కూడా అయిపోయింది, నేను ఊళ్లో లేను, ఫోన్‌లోంచే పాతపట్నం మెషీన్ ప్రమోట్ చేద్దామని, పాత మెయిన్ మళ్లీ లేచినా నెట్‌లోకి రాకుండా ముందు కొట్లో కుర్రాడికి ఫోన్ చేశా.

"సర్వర్ నెట్ కేబుల్ పీకేశావా?"

"పీకేశానన్నా."

ప్రమోట్ కొట్టా. గంటకి కరెంటొచ్చింది, పాత మెయిన్ ఏం ఎరగనట్టు లేచింది, కొట్లో కౌంటర్లన్నీ లిస్టులో మొదట దాని అడ్రసే ఉంది కాబట్టి దానికే బిల్లులు రాశాయి. పదకొండు బిల్లులు ఇక్కడ, అదే టైంలో ఇంకొన్ని పాతపట్నంలో, నంబర్లు రెండు చోట్లా ఒకటే. తీరా చూస్తే వాడు పీకింది ప్రింటర్ కేబుల్.

ఇప్పుడు సర్వర్ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి ఉంది.